అందరూ కూర్చోగల చోటు



సెలవుల్లో తెనాలి, బాపట్ల, రేపల్లె వైపుల నుండి బస్సు మాట్లాడుకొని రామోజీ ఫిలిం సిటీకి వెళ్లే కుటుంబాలు చాలా ఉన్నాయి. 1996లో ప్రారంభమైన ఆ స్థలం 1666 ఎకరాలు. ఉదయం లోపలికి వెళితే సాయంత్రం వరకు తిరుగుడే. బయటి తిండి లోపలికి రానివ్వరు. కనుక ఇంటి పులిహోర దారిలోనే తినాలి.

మా సంఘస్థులతో వెళ్లినప్పుడు, మధ్యాహ్నం ఉద్యోగస్థుల పిల్లలు బఫే వైపు లాగారు. కూలిపనికి వెళ్లే ఒక తల్లి మాత్రం, "నాకు ఆకలిగా లేదయ్యగారూ, పిల్లోడికి పెట్టించండి చాలు" అన్నది. ఆమెకు లేనిది ఆకలి కాదు, డబ్బు. ధరలు చూసుకొని, అందరూ కొనుక్కోగల చోటే కూర్చున్నాము. కొందరు యౌవనస్థులు సణిగారు గాని, ఆ తల్లి కడుపునిండా తిన్నది.

కొరింథులో కలవారు ముందుగా తినగా లేనివారు ఆకలితో మిగిలారని పౌలు బాధపడ్డాడు. మన విహారయాత్రలో అది జరుగరాదు. కొన్ని టికెట్లలో భోజనం కలిసే వస్తుంది, ముందే విచారించండి. భోజనపు ఖర్చు కూడా కలిపి నెలనెలా పోగుచేయండి. లేనివారి వంతు సంఘమే పెట్టుకోవాలి, ఎవరి వంతో బయటకు చెప్పకూడదు.

చూసిన కోటలను పిల్లలు మరచిపోవచ్చు. అమ్మ పస్తున్న సంగతి మరువరు.