ఆదొండ పొద

గురువు శిష్యులకు పాఠము చెప్పుట లోకమెఱిగినదే. ఒక శిష్యుని వలన నేను నేర్చిన పాఠమును ఇచ్చట వ్రాయుచున్నాను.

2001వ సంవత్సరమున నేనొక మెట్టప్రాంతపు పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడనై చేరితిని. ఆవరణపు కంచెను ఆదొండపొద యొకటి అల్లుకొని యుండెను. దాని కొక్కెపుముండ్లు బాలుర చొక్కాలను చింపుచుండెను. వానలు కురిసిన పిమ్మట దాని లేతాకులనిండ పురుగులు క్రమ్మెను. అవి ప్రక్కనున్న వేరుసెనగ చేలకు ప్రాకునేమో యని భయపడి, పొదను మొదలంట నరికించితిని. ఆ చోట బంతి, చేమంతి నాటించి, సీతాకోకచిలుకలకు విందు చేసితినని సంతసించితిని.

మరుసటియేట మేకలు కాచుకొను ఇంటి బాలుడొకడు నాకడకు వచ్చి, "అయ్యా! మునుపు వానకాలమున తెల్ల సీతాకోకచిలుకలు గుంపులుగా ఎగురుచుండెడివి. ఈయేడు ఒకటి రెండు వచ్చి, తేనె ద్రావి వెడలిపోవుచున్నవి. అవి గ్రుడ్లు పెట్టు పొదను మనము కొట్టివేసితిమి గదా!" అనెను.

బదులు తోచక గ్రంథములు వెదకితిని. ఆ సీతాకోకచిలుకకు ఆంగ్లమున పయొనీరు అని పేరు. డెన్మార్కు దేశపు శాస్త్రజ్ఞుడైన ఫెబ్రీషియసు 1793లో దానిని మొదట వర్ణించెను. ఆఫ్రికా మొదలు మనదేశము వఱకు, ఎండుభూములలో ముండ్లపొదల నడుమ అది నివసించును. రెక్కలు తెల్లనివి, అంచులును, ఈనెలును నల్లనివి. తేనెను పలువిధముల పూలనుండి ద్రావును. గ్రుడ్లను మాత్రము ఆదొండ కుటుంబపు మొక్కలపైననే పెట్టును. ఆ యాకులలో ఆవఘాటు వంటి గుణమొకటి కలదు. పెక్కు పురుగులకు గిట్టని ఆ ఘాటే దీని పిల్లలకు ఆహారపు గుర్తు. అవి ఆకలితో మాడునే గాని వేరుసెనగను ముట్టవు.

నేను నాటించిన పూదోట చలివేంద్రము, నరికించినది పురిటిల్లు!

ఆ బాలుడే గుట్టనుండి ఆదొండపండ్లు తెచ్చెను. ఇరువురము గింజలను కంచెవెంబడి నాటితిమి. అతడు చదువు ముగించి వెడలునాటికి మొలకలు మోకాలెత్తైనను పెరుగలేదు. పిదప నాకును బదిలీ యయ్యెను.

2009లో ఆ యూరికి మరల పోయితిని. కంచె పచ్చగా నుండెను. తెల్ల సీతాకోకచిలుక యొకటి లేతాకుపై వ్రాలి, ముందుకాళ్లతో తట్టెను. ఆకు రుచిని అది కాళ్లతోనే తెలిసికొనును. క్షణము నిలిచి గ్రుడ్లు పెట్టసాగెను. ఆ వింత చూపుటకు నా శిష్యుడు ప్రక్కన లేడు.

బాలలారా! పొదను నరుకుటకు ఒక పూట చాలును. మరల పెంచుటకు ఏండ్లు పట్టును. గొడ్డలి యెత్తుటకు ముందు, అది ఎవరి యిల్లో విచారింపుడు.