వేలెత్తి చూపని నడత

పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీల్లో రిటైరయ్యే మనిషికి శాలువా కప్పేటప్పుడు హెచ్‌ఆర్ వాళ్ల నోట వచ్చే మాట, 'ఇంపెకబుల్ రికార్డు'. ఇన్నేళ్ల సర్వీసులో ఒక్క మెమో లేదని, వేలెత్తి చూపడానికి ఏమీ దొరకలేదని దాని భావం. ఆ పేరు తెచ్చుకున్న మనిషంటే నాకు నిజంగా గౌరవం. వారం వారం షిఫ్టులు మారుతూ, ఘాటు వాసనల మధ్య రియాక్టర్ దగ్గర నిలబడి, ఏళ్ల తరబడి మాట పడకుండా నెట్టుకురావడం సామాన్యమా? 2025 దాకా అమల్లో ఉన్న 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్స్ చట్టం నమూనా నియమాల్లో తప్పుల పట్టీ పెద్దదే. తరచూ ఆలస్యంగా రావడం, సెలవు పెట్టకుండా పది రోజులకు మించి మానేయడం లాంటివన్నీ అందులోకే వచ్చేవి. శిక్ష వేసేముందు పాత రికార్డు చూడాలనీ ఆ నియమాలే చెప్పాయి. ఉద్యోగం మీదికి వచ్చిననాడు కార్మికుణ్ణి కాచేది ఆ రికార్డే.

కాంట్రాక్టర్ కింద ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చి గేట్లు మారే కుర్రాడికి ఆ రికార్డు రాసిపెట్టేదెవరు? 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో పోయినవాళ్లలో ఇలా దూరం నుంచి వచ్చినవాళ్లు ఎందరో. డీఎన్‌ఏ పరీక్ష చేస్తే గానీ కొందరెవరో తేలలేదు.

మరి ఫ్యాక్టరీ నడతో? ఇక్కడి ఫ్యాక్టరీల మురుగు చేరే నక్కవాగు వెళ్లి మంజీర నదిలో కలుస్తుంది. ఈ కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. మందుల కంపెనీల మురుగు చేరే పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. మందు మింగిన మనిషి రక్తంలో కూడా అంత ఉండదు. ఇక్కడి డాక్టర్ అల్లాని కిషన్‌రావు రోగులను చూస్తూనే ఈ కాలుష్యం మీద ఏళ్లకేళ్లు పోరాడారు.

పంచ్ కొట్టడం ఆలస్యమైతే కార్మికుడికి మెమో వస్తుంది. వాగు చెడితే యాజమాన్యం 'రూల్స్ అన్నీ పాటించాం' అంటుంది. ఢిల్లీ ఒలియం గ్యాస్ కేసులో 1986లోనే జస్టిస్ భగవతి ధర్మాసనం ఈ వాదనకు తలుపు మూసేసింది. ప్రమాదకరమైన సరుకుతో వ్యాపారం చేసేవాడు ఎంత జాగ్రత్తగా ఉన్నా సరే, జరిగిన నష్టానికి పూర్తి బాధ్యుడేనని తేల్చింది. ఫ్యాక్టరీ మచ్చలేనిదో కాదో చెప్పాల్సింది దాని ఫైళ్లు కాదు, నక్కవాగు ఒడ్డున బోరు వేసుకున్న రైతు.