ట్రంకు పెట్టెల పడి ఉన్న టెట్ కాగితం చెల్లుతది, ఒక్కసారి చూసుకోండ్రి

పోస్టు కొంచెం పొడుగున్నది. టీటీసీ, బీఈడీ చేసి ఇంట్ల కూసున్నోళ్లు ఎవరన్నా ఉంటే వాళ్లకు చదివి వినిపియ్యండ్రి.

మాది దేవరకొండ దిక్కు ఒక తండా. మేం నలుగురం నల్లగొండలో రూం తీసుకొని డీఎస్సీకి చదివినం. మాకు దారి చూపింది మా తండాలో మొదట టీటీసీ చేసిన అక్క. 2012 జనవరిలో టెట్ రాసింది. 150కి 88 వచ్చినయ్. మన ఎస్టీలకు 60 వస్తే పాసే కాబట్టి తండా అంతా అక్కను అప్పుడే టీచరమ్మ అన్నది.

ఆ ఏడాది డీఎస్సీలో అక్కకు రాలేదు. తర్వాత రాష్ట్రం వచ్చింది, నోటిఫికేషన్ మాత్రం 2017 దాకా రాలేదు. వచ్చేనాటికి అక్క బాలింత. అప్పట్లో టెట్ గడువు ఏడేండ్లు. ఆ లెక్కన 2019కి ఆమె కాగితం గడువు అయిపోయింది. "ఇగ అది రద్దయిన నోటే" అని ట్రంకు పెట్టెల అడుగున పడేసి పత్తి ఏరబోయింది. మేం కూడా అట్లనే అనుకున్నం. అది మా తప్పు.

ఎందుకంటే 2021 జూన్‌లోనే కేంద్ర విద్యాశాఖ టెట్‌ను జీవితకాలం చెల్లేటట్టు చేసింది. అది కూడా 2011 నుంచి వర్తించేటట్టు. అప్పటికే ఏడేండ్లు దాటినోళ్లకు మళ్లీ చెల్లుబాటు ఇయ్యమని రాష్ట్రాలకు చెప్పింది. పేపర్లల్ల వచ్చింది గానీ మా తండాకు రాలేదు. 2024 ఫిబ్రవరిలో 11,062 పోస్టులకు డీఎస్సీ నోటిఫికేషన్ పడ్డంక, అర్హతలు చదువుతుంటే మాకు తెలిసింది. ఆ రాత్రే అక్కకు ఫోన్ చేసినం. మొదలు నమ్మలేదు. "మీరు నా మీద నవ్వుతున్నరా?" అన్నది.

తెల్లారి యాడి పెట్టె తీసింది. కాగితం ఒక మూల చెదలు తిన్నది. హాల్ టికెట్ నంబరు, మార్కులు మాత్రం మిగిలినయ్. అప్లికేషన్‌కు కావాల్సింది ఆ రెండే.

ఈ గడువు గోస మన దగ్గరనే కాదు. మాలో ఒక తమ్మునికి హ్యామ్ రేడియో పిచ్చి. వాడు చెప్పిందేందంటే, అమెరికాలో పై స్థాయి హ్యామ్ లైసెన్సు గడువు దాటి పోగొట్టుకున్నోళ్లు ఒకప్పుడు అన్ని పరీక్షలూ మళ్లీ మొదటి నుంచి రాయాల్నట. 2014 నుంచి పాత పరీక్షలను లెక్కలోకి తీసుకుంటున్నరు. కాకపోతే అందరికంటే కింది పరీక్ష, టెక్నీషియన్, మళ్లీ పాస్ కావాలె. అంటే నేర్చుకున్న చదువుకు విలువ ఉంటది గానీ, మొదటి పాఠం ఇంకా గుర్తున్నదా అని ఒకసారి అడుగుతరన్నమాట. మన టెట్‌లో అట్ల అడిగేటోళ్లు లేరు. మనకు మనమే అడుక్కోవాలె. అక్క విషయంలో మేం అడగలేదు.

లెక్క చూడండ్రి. డీఎస్సీలో 100 మార్కులైతే రాత పరీక్షకు 80, టెట్ వెయిటేజీకి 20. అక్క 88కి వచ్చేది 11.73. అదే టెట్‌లో 103 ఉంటే 13.73. పదిహేను మార్కులు పెరిగితే ఇక్కడ రెండు పెరుగుతయ్. డీఎస్సీకి ముందు 2024 మే, జూన్‌లల్ల టెట్ పెట్టిన్రు. "పాసైన పరీక్ష మళ్లీ ఎందుకక్కా, టైం దండగ" అని చెప్పింది మేమే. ఆమెకు కంప్యూటర్ మీద పరీక్ష రాసుడు కూడా కొత్త. మౌస్ పట్టుడు అలవాటు కాకముందే నేరుగా డీఎస్సీకి కూసోబెట్టినం.

రిజల్ట్ వచ్చినంక అక్కకు ఒక్కటిన్నర మార్కు తక్కువైంది. మాలో ఇద్దరికి ఉద్యోగం వచ్చింది. ఆ దినం తండాకు పోతే అక్కే మాకు బూరెలు చేసి పెట్టింది. మేం తల ఎత్తలేకపోయినం. "కాగితం చెల్లుతదని చెప్పింది మీరే గదా, అది సాలు" అన్నది.

అందుకే రాస్తున్నం. దేవరకొండ, అచ్చంపేట, అమ్రాబాద్, నాగర్‌కర్నూల్ దిక్కు తండాల్లో, పెంటల్లో ఇట్లాంటి పెట్టెలు ఇంకెన్ని ఉన్నయో. 2011 నుంచి టెట్ పాసైన అక్కలు, వదినెలు, బావలు ఉంటే పోయి చెప్పండ్రి. హాల్ టికెట్ నంబరు ఫొటో తీసి దాపియ్యండ్రి. మార్కులు తక్కువుంటే మళ్లీ రాయించండ్రి. పాతదాని కంటే తక్కువ వచ్చినా భయం లేదు, ఎక్కువ వచ్చినదాన్నే పెట్టుకోవచ్చు. ఇప్పుడు టెట్ ఏడాదికి రెండుసార్లు పెడతామని సర్కారు చెప్పింది. కంప్యూటర్ ముందల ఓ పది దినాలు కూసోబెట్టండ్రి.

అక్క మళ్లీ పుస్తకం పట్టింది. పొద్దంతా చేను, రాత్రి తొమ్మిదికి మాతోని ఫోన్ల లెక్కలు. ఈసారి మౌస్ కూడా మేమే కొనిచ్చినం.