బయానా

బాపు సన్నాయి ఊదేవాడు. ధర్మపురి చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్లయినా ముందు మా ఇంటికొచ్చి బయానా ఇచ్చిపోవాల్సిందే. అది చేతిలో పడనిదే సన్నాయి సంచి విప్పేవాడు కాదు. నేను నేర్చింది వయొలిన్. కరీంనగర్‌లో పదేళ్లు సాధన చేసి డిప్లొమా పుచ్చుకున్నాక, పైసలు అడగడం బాపు పని, నాది కాదనుకున్నాను. శాస్త్రీయ సంగీతం కదా మరి!

వేములవాడ రాజన్న గుడిలో ఏటా త్యాగరాజ ఉత్సవాలు జరుగుతాయి. చిన్నప్పుడు పెద్ద విద్వాంసుల కచేరీలు అక్కడే కింద కూర్చుని విన్నాను. ఆ కొద్ది రోజులూ పోతే ఏడాదంతా నాలాంటివాడికి పెళ్లి రిసెప్షన్లే దిక్కు. మోహన రాగం ఎత్తుకోగానే సినిమా పాట అడుగుతారు. వాయించాను, తప్పేం లేదు. చివర్లో శాలువా కప్పేవారు. ఇచ్చినంత తీసుకుని వచ్చేవాణ్ణి. బీరువాలో ఇరవై మూడు శాలువాలు పోగయ్యాయి.

2020 మార్చి. దేశమంతా తలుపులు మూయకముందే కరీంనగర్‌లో ఇంటింటి కరోనా సర్వే మొదలైంది. ఆ వేసవికి ఒప్పుకున్న పదకొండు పెళ్లిళ్లూ పోయాయి. ఒక్కదానికీ బయానా లేదు. జూన్‌లో వయొలిన్ కుదువ పెడదామని పోతే సేటు కమాను అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని నేనేం జేసుకోవాలె అన్నా?" అన్నాడు. నా భార్య గాజులు తీసిచ్చింది. ఆ రాత్రి ఇద్దరం మాట్లాడుకోలేదు.

బాపు మాత్రం ఊరుకోలేదు. "పెండ్లి ఆగినా బయానా వాపసు ఇయ్యాల్సిన పని లేదు బిడ్డా. నువ్వు తీస్కోనే లేకపోతివి."

జూలైలో టెక్సాస్ నుంచి మా ఊరాయన ఫోన్ చేసి, కూతురికి పాఠం చెప్పమన్నాడు. వాళ్లకు సాయంత్రం ఏడంటే నాకు తెల్లారి ఐదున్నర. నవంబర్‌లో వాళ్లు గడియారం వెనక్కి తిప్పాక ఆరున్నర. ఫోన్‌లో శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఇద్దరం కలిసి వాయించలేం. నేనో సరళీ వరస వాయించి ఆగాలి, అప్పుడు ఆ పిల్ల అందుకోవాలి. శ్రుతి తప్పితే వేలు పట్టి జరపలేను. "ఇంకొంచెం పైకి తల్లీ" అంటూ కూర్చోవాలి. ఫీజెంత అని అడిగేసరికి నోరెండిపోయింది. నెలకు నాలుగు వేలు, ముందే ఇవ్వాలి అన్నాను. వెంటనే పంపాడు. ఆరు వేలు చెప్పాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇప్పుడు తొమ్మిది మంది నేర్చుకుంటున్నారు. గాజులు విడిపించాను. పెళ్లికి పిలిస్తే బయానా పడ్డాకే తేదీ రాసుకుంటున్నాను.

మొన్న ఆదిలాబాద్ నుంచి ఒకాయన, "పెద్ద కళాకారులు, మీరు గూడ పైసల ముచ్చట మాట్లాడుతరా?" అన్నాడు. మాట్లాడతానన్నాను. ఆ తేదీ ఇంకా ఖాళీగానే ఉంది.