ఖాళీ విస్తళ్ళు

సంధి విడదీయమంటే చిటికెలో విడదీస్తాను గానీ, కంప్యూటరు మాటెత్తితే నాకు జ్వరమొస్తుంది. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీలో తెలుగు ఎమ్మే చదివినదాన్ని మరి!

తార్నాకలో మా ఇంటికి కాలేజీ దగ్గరే. అక్కడే పాత స్నేహితురాళ్ళమంతా ఒకసారి కలుద్దామనుకున్నాం. పేరు, ఊరు, ఫోను, భర్త పేరు, పిల్లలు - మనిషికో వరస చొప్పున, మధ్య మధ్య కామాలు పెట్టి జాబితా రాశాను. లేనివాళ్ళకి ఆ చోటు ఖాళీ.

ఇంజనీరింగు చదువుతున్న మా అమ్మాయి ఆ జాబితా చూసి ఆహ్వానాలు తయారుచేసే ప్రోగ్రాము పైథాన్‌లో రాసింది. 42 వచ్చాయి. తర్వాత, జావా నేర్చుకుంటున్నానంటూ దాన్నే జావాలోకి మార్చింది. ఈసారి 38!

"ఆ నలుగురూ ఏమయ్యారే?" అన్నాను.

వెతికితే ఇద్దరు పెళ్ళి చేసుకోనివాళ్ళు, ఇద్దరు పిల్లలు లేనివాళ్ళు. నా గుండె కలుక్కుమంది. భర్త పోయిన స్నేహితురాలి పేరు మాత్రం భద్రంగా ఉంది. ఆవిడకి పిల్లలున్నారుగా!

అమ్మాయి విడమరిచి చెప్పింది. వరసని కామాల దగ్గర ముక్కలు చెయ్యడానికి రెండు భాషల్లోనూ 'స్ప్లిట్' అనే ఆజ్ఞే ఉందిట. పైథాన్ ఖాళీ ముక్కల్ని కూడా లెక్కపెట్టి అయిదూ చేతికిస్తుంది. జావా, చివరనున్న ఖాళీలను ఊడ్చేస్తుంది. మధ్యలో వాటి జోలికి పోదు. అయిదు ముక్కలు లేని వరస తప్పుడు వరసని, దాన్ని వదిలెయ్యమని మా అమ్మాయి ముందే రాసిపెట్టింది.

బంతి భోజనాల్లో అంతేగా! మధ్యలో ఖాళీ విస్తరుంటే ఎవరో వస్తారని ఉంచుతారు. చివరిదైతే ఎత్తేస్తారు.

"మందు లేదా?"

"ఉందమ్మా. కామా పక్కన మైనస్ ఒకటి అని చేరిస్తే చివరి ఖాళీలూ ఉంటాయి."

చేర్చింది. 42 వచ్చాయి.

1918లో ఉర్దూ మాధ్యమంగా మొదలైన మా ఉస్మానియా, పుస్తకాల అనువాదానికి ప్రత్యేకంగా ఒక విభాగమే నడిపింది. మాటకి మాట సరిపోయినా మర్యాదలు వేరుగా ఉంటాయని వాళ్ళకి తెలిసే ఉంటుంది.

"అది సరేగానీ అమ్మా, పిలవడానికి భర్త పేరూ, పిల్లలూ ఎందుకు?" అంది అమ్మాయి.

జవాబు తోచలేదు. ఆడదానికి తనదంటూ ఒక ఉనికి ఉండాలని నవలల నిండా రాసిన చెయ్యే ఆ జాబితానీ రాసింది. జావాని ఏమని తిట్టను?

కలం తీసి, ఆ రెండూ కొట్టేశాను.