అచ్చిరాని గుమ్మం

నిరుడు మార్చిలో మనవరాలి పోరు పడలేక లాబ్రడార్ కుక్కపిల్లను కొన్నాం. వయసు 40 రోజులు, ధర 14,000 రూపాయలు. తల్లికుక్కను చూపించమంటే, "కొత్తవాళ్ళని చూస్తే కరుస్తుంది సార్" అన్నాడు బ్రీడర్. సరే అన్నాను. రసీదు కూడా అడగలేదు. రక్షణ శాఖ లెక్కల విభాగంలో 34 ఏళ్ళు వోచరు లేని బిల్లును దగ్గరకు రానివ్వని మనిషిని, ఆ పిల్ల నా బొటనవేలు నాకుతుంటే నోట్లు లెక్కపెట్టి అతని చేతిలో పెట్టి వచ్చేశాను.

మూడోరోజు వాంతులు. నాలుగోరోజుకి నెత్తురు విరేచనాలు. పశువుల డాక్టరు పరీక్ష చేసి పార్వో వైరస్ అన్నారు. సెలైన్లు ఎక్కించినా ఆరోరోజు తెల్లవారుజామున చనిపోయింది.

బ్రీడర్‌కి ఫోన్ చేశాను. "నా దగ్గరున్నన్నాళ్ళూ లక్షణంగా ఉంది సార్. మీ గుమ్మం దానికి అచ్చిరాలేదు. ఓసారి వాస్తు చూపించుకోండి" అన్నాడు.

మామూలుగా అయితే నవ్వేవాణ్ణి. కానీ మా ఆవిడ ఆ మాట నమ్మింది. "అమావాస్య వెళ్ళాక తెచ్చుకుందామంటే మీరు విన్నారు కాదు" అని రెండురోజులు అన్నం సరిగా తినలేదు. అమ్మినవాడి తప్పును కొన్నవాడి ఖాతాలోకి మార్చేసే జర్నల్ ఎంట్రీ ఈ 'అచ్చిరాకపోవడం'.

సరే, లెక్క చూద్దామనుకున్నాను. పార్వో ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడటానికి మామూలుగా 3 నుంచి 7 రోజులు పడుతుంది. మూడోరోజంటే సరిగ్గా అంచుమీద ఉంది. మా మెట్లమీద అంటుకుని ఉండకూడదా? ఈ వైరస్ నేలమీద నెలల తరబడి బతుకుతుంది, చెప్పులకంటుకుని కూడా ఇంట్లోకి వస్తుంది. తేదీలొక్కటే చూసి అతన్ని దోషి అంటే నేనూ వాస్తు చెప్పినట్టే. డాక్టరు దగ్గరే ఆ అనుమానం తీరింది. అదే కాన్పులోని ఇంకో పిల్లను ఊరికి అవతలి చివరివాళ్ళు కొన్నారు. అదీ అదే వారంలో అదే జబ్బుతో వచ్చింది. రెండు గుమ్మాలూ ఒకేసారి అచ్చిరాకుండా పోయాయా?

టీకా వేశానని కార్డిచ్చాడు. దానిమీద సంతకమే గాని మందుసీసా స్టిక్కరు లేదు. నిజంగా వేసినా ఆ వయసులో ఒక్క డోసును నమ్ముకోలేం. ముర్రుపాల ద్వారా తల్లినుంచి వచ్చిన రక్షణే టీకాను పనిచేయనివ్వకపోవచ్చు. అందుకే 16 వారాలు వచ్చేదాకా మళ్ళీమళ్ళీ వేస్తారు. అసలు 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కుక్కల పెంపకం నిబంధనలు చెబుతున్నాయి. కొనేముందు ఇవేవీ నేను చదవలేదు.

బి.కాం.లో బట్టీపట్టిన 1930 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ చట్టం గుర్తొచ్చింది. దాని దృష్టిలో కుక్కపిల్లా సరుకే. చూసి కొనుక్కోవాల్సింది కొనేవాడేనన్నది మొదటి సూత్రం. కానీ ఆ సరుకు వ్యాపారం చేసేవాడి దగ్గర కొంటే, అది అమ్మదగ్గ నాణ్యతలో ఉండాలంటుంది 16వ సెక్షన్. కొనేవాడు పరీక్షించి ఉంటే, ఆ పరీక్షలో కనపడవలసిన లోపాలకు మాత్రం అమ్మినవాడి పూచీ లేదు. వైరస్ కంటికి కనపడదు కదా! (తల్లిని చూడకపోవడం నా లోపమే, ఒప్పుకుంటాను.) అదే ఏడాది పెరిగాక తుంటికీలు చెడి కుంటుతుంటే ఇంత గట్టిగా అనలేకపోయేవాణ్ణి. లాబ్రడార్లలో అది వంశంలో వచ్చేదే అయినా, తెగ తినిపించి లావెక్కించిన యజమానికీ అందులో వాటా ఉంటుంది.

ఇదంతా రాసి, రెండో పిల్లను కొన్నాయన సంతకం కూడా పెట్టించి, అతనికి స్పీడ్ పోస్టులో పంపాను. వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళడానికి రెండేళ్ళ గడువుందని చివర్లో చేర్చాను. పదిరోజులకి ఫోన్ చేశాడు. డబ్బు తిరిగివ్వడట, మంచి నక్షత్రంలో పుట్టిన పిల్లను ఊరికే ఇస్తాడట.

"ఈసారైనా తల్లిని చూపిస్తారా?" అన్నాను.

లైను కట్టయింది. మా ఆవిడ పక్కనే ఉండి అంతా వింది. "ఆ కాగితాలెక్కడ పెట్టారండీ?" అంది.