ఆటకు వచ్చిన అతిథి

పొరుగింటికి ఆడుకోవడానికి బయలుదేరిన పిల్లవాడికి గడప దగ్గర తల్లి చెప్పే మాటలు తెలుగునాట ఏ ఇంటనైనా ఇంచుమించు ఒకటే. "ఏం పెట్టినా వద్దను. అడిగి తినకు. ఏ వస్తువూ ముట్టుకోకు. దీపాలు పెట్టే వేళకు వచ్చెయ్యి." పిల్లవాడు తల ఊపి పరుగు తీస్తాడు. పొరుగింట ఆట మొదలై పది నిమిషాలైనా గడవకముందే వంటింట్లో డబ్బా మూత తెరిచిన చప్పుడు వినిపిస్తుంది. ఆ ఇంటి ఇల్లాలు పళ్ళెంలో నాలుగు జంతికలు, ఒక సున్నుండ పెట్టుకొని వస్తుంది. ఇంటికి వచ్చిన పసివాడిని నోరు తీపి చేయకుండా పంపడం ఆమె పుట్టి పెరిగిన ఇంట ఎన్నడూ జరగలేదు. వద్దనమని నేర్పిన ఇల్లు ఒకటి, పెట్టి తీరవలసిందేనన్న ఇల్లు మరొకటి. ఈ రెండు మర్యాదల నడుమ నిలబడినవాడి వయసు అయిదేళ్ళు.

పెద్దల మధ్య ఈ మర్యాదకు ఒక లెక్క ఉంది. మొదటిసారి వద్దనడం సంస్కారం, రెండవసారి వద్దనడం మొహమాటం, మూడవసారికి చేయి చాచడం స్నేహం. పెట్టేవారికీ తినేవారికీ ఈ లెక్క తెలుసు కాబట్టి ఎవరికీ నొప్పి కలగదు. పసివాడికి ఇది తెలియదు. ఒక్కసారి వద్దనగానే పళ్ళెం వెనక్కు వెళ్ళిపోతే అతనికి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. లేదా "మా అమ్మ వద్దనమంది" అని ఉన్నమాట చెప్పివేసి ఇద్దరు తల్లులనూ ఇరకాటంలో పెడతాడు. తల్లి పక్కన ఉంటే ఈ చిక్కు లేదు. పళ్ళెం ముందుకు రాగానే పిల్లవాడి చూపు ఆమె ముఖం వైపు తిరుగుతుంది. రెప్ప వాలితే తీసుకుంటాడు, కనుబొమ ముడిపడితే చేతులు వెనక్కు కట్టుకుంటాడు. ఒంటరిగా ఆటకు వచ్చిన పిల్లవాడికి చూసుకోవడానికి ఆ కళ్ళు లేవు.

తెలుగువారి ఆతిథ్యంలో అడగడమన్నది ఒక లోపంగానే పరిగణింపబడుతూ వచ్చింది. "తింటారా?" అని అడిగి పెట్టడం కంటే పెట్టకపోవడమే నయమని పాతకాలపు ఇల్లాళ్ళ అభిప్రాయం. అడిగితే వద్దనక తప్పదు గనుక, అడగడమంటే పెట్టే ఉద్దేశం లేదని అర్థం. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో చిత్రించిన విష్ణుచిత్తుడు వేళకాని వేళ వచ్చిన వైష్ణవులకు కూడా అన్నం పెట్టి, కూరలు ఎక్కువ లేవనీ, వేడిగా లేవనీ తన వంటనే తక్కువ చేసి చెప్పుకుంటాడు. పెట్టడం అతని వంతు, మన్నించడం వచ్చినవారి వంతు. మీకేది సరిపడుతుందని అడిగే అవసరం అక్కడ రాలేదు. వచ్చినవారు పెద్దవారు. తమకు కూడనిదేదో వారికే తెలుసు.

పిల్లల లోకంలో తిండికి వేరే న్యాయం ఉండేది. పోతన భాగవత దశమ స్కంధంలో కృష్ణుడూ గోపబాలకులూ అడవిలో చల్దులారగించే ఘట్టం చదివినవారికి ఆ న్యాయం తెలుస్తుంది. ఎవరి చద్ది మూట వారి ఇంటినుంచి వచ్చినదే. మూటలు విప్పాక మాత్రం నీది నాది అన్న హద్దు నిలవదు. ఊరించడం, లాక్కోవడం, నవ్వడం అన్నీ ఆ భోజనంలో భాగాలే. మొన్నమొన్నటి వరకూ పల్లెటూరి బడి ఆవరణలో కాకెంగిలి అనే ధర్మశాస్త్రం ఒకటి నడిచింది. చొక్కా అంచును చిక్కీ ముక్కపై కప్పి, గుడ్డపైనుంచి కొరికి ఇస్తే అది ఎంగిలి కాదు. వైద్యులు ఒప్పుకోకపోవచ్చు గాని, ఆ న్యాయస్థానంలో వైద్యులకు ప్రవేశం లేదు. పెద్దలకు కూడా ఒక కట్టుబాటు ఉండేది. చూస్తున్న పిల్లవాడికి పెట్టకుండా తింటే దిష్టి తగిలి కడుపునొప్పి వస్తుందని నమ్మేవారు. నమ్మకం మాట ఎలా ఉన్నా, దానివల్ల ఎందరో పిల్లల చేతుల్లో ఒక ముద్దో, ఒక ముక్కో పడింది.

ఈ పిల్లల లోకంలోకి టెలివిజను ఆలస్యంగా వచ్చింది. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు ప్రసారాలు అందించిన ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ కూడా ఒకటి. ఆ పెట్టె ఊరందరిదీ. చూసేవారు ఆరుబయట కూర్చున్నారు. తరువాత అది ఇళ్ళలోకి చేరింది. 1987లో రామాయణం ధారావాహిక మొదలైనప్పుడు వీధికి ఒకటో రెండో ఇళ్ళలో మాత్రమే టీవీ ఉండేది. ఆదివారం ఉదయం వీధి పిల్లలంతా ఆ ఇంటికి చేరేవారు. దగ్గరివారు లోపల చాపమీద కూర్చునేవారు. చుట్టరికమూ చనువూ లేనివారు గడపదాకా వచ్చి ఆగేవారు. మరికొందరు కిటికీ ఊచలు పట్టుకొని బయటినుంచి చూసేవారు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పలేదు. పిల్లలకు తెలుసు. పంక్తిలో ఒకరికి ఒకటి, మరొకరికి మరొకటి వడ్డించడాన్ని మన పూర్వులు పంక్తిభేదమని పేరుపెట్టి పాపంగా లెక్కించారు. చాపకూ, గడపకూ, కిటికీకీ నడుమ ఉన్న భేదానికి మాత్రం పేరు పెట్టినవారు లేరు.

ఇప్పుడు టీవీ లేని ఇల్లు అరుదు. అది వినోద సాధనమన్న దశ దాటి, ఆటకు వచ్చిన పిల్లలకు పెట్టే చిరుతిండిలో ఒకటైంది. జంతికలు పళ్ళెంలో, కార్టూను తెరమీద, రెండూ ఒకే చేయి వడ్డిస్తుంది. అల్లరి సద్దుమణుగుతుంది, ఇల్లాలికి కాస్త ఊపిరి ఆడుతుంది. ఆమెను తప్పు పట్టడం సులభం. సాయంత్రం వేళ ముగ్గురు నలుగురు పిల్లల్ని ఒక్కచేత్తో సంబాళించినవారు ఆ పని చేయరు. అయినా అక్కడ జరిగేదేమిటో గమనించాలి. కలిసి ఆడుకోవడానికి వచ్చిన పిల్లలు పక్కపక్కన కూర్చొని ఒకరి ముఖం ఒకరు చూడరు. చేయి పళ్ళేనికీ నోటికీ మధ్య దానంతటదే తిరుగుతుంది. కడుపు నిండిన సంగతి కూడా తెలియదు. 2008లో మొదలైన ఛోటా భీమ్ కార్టూనులో కథానాయకుడు లడ్డు తిని బలం పుంజుకొని శత్రువులను చిత్తు చేస్తాడు. అతన్ని చూస్తూ లడ్డు తినే పిల్లలు సోఫా దిగరు.

టీవీ విషయంలో ఒక్కొక్క ఇంటిది ఒక్కొక్క కట్టడి. అయిదేళ్ళలోపు పిల్లల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండేళ్ళు నిండనివారికి తెర చూపనే కూడదు. రెండు నుంచి నాలుగేళ్ళవారికి రోజుకు గంట మించకూడదు. ఈ సూచనను నియమంగా పాటించే తల్లి ఉంటుంది. ఆ గంటా ఉదయమే అయిపోయి ఉంటుంది. తన బిడ్డ పొరుగింట మరో రెండు గంటలు చూసి వచ్చాడని తెలిస్తే ఆమె పైకి ఏమీ అనదు. ఆ మర్నాటినుంచి మాత్రం పిల్లవాడికి ఏదో ఒక పని తగులుతుంది, ఆటకు వెళ్ళడం మానుకుంటాడు. రెండిళ్ళ మధ్య మాట పెరగదు, రాకపోకలు తరుగుతాయి. టీవీకి బదులు చేతికి సెల్‌ఫోను ఇచ్చే ఇళ్ళలో చిక్కు ఇంకా పెద్దది. ఒక వీడియో ముగియగానే మరొకటి తనంతట తానే మొదలవుతుంది. వంటింట్లో ఉన్నవారికి తెరమీద ఏమి నడుస్తున్నదో తెలియదు.

తిండి విషయంలో పర్యవసానం రాకపోకలు తగ్గడంతో ఆగకపోవచ్చు. అయిదేళ్ళలోపు పిల్లలకు పల్లీలవంటి గట్టి గింజలు గింజలుగా పెట్టవద్దని శిశువైద్యులు హెచ్చరిస్తారు. నమలడం పూర్తిగా రాని వయసులో, నవ్వుతూనో పరుగెత్తుతూనో తింటే గింజ శ్వాసనాళంలోకి జారుతుంది. కార్టూను చూసి పకపక నవ్వే పిల్లవాడి చేతిలో వేయించిన పల్లీల గిన్నె ఉండడమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ఇది అందరు పిల్లలకూ ఉన్న ప్రమాదం. కొందరికి కొన్ని ఆహారాలే శత్రువులు. "వాడికి గుడ్డు పడదు", "దానికి పాలు పడవు" అని తెలుగులో ఎంత తేలికగా అంటామో ఆ స్థితి అంత తేలికైనది కాదు. ఒకరికి దద్దుర్లతో పోయేది మరొకరికి ఊపిరి అందనిదాకా వెళ్ళవచ్చు. ప్యాకెట్లలో అమ్మే ఆహారంలో పాలు, గుడ్డు, గోధుమ, వేరుశనగ, సోయా వంటివి ఉంటే ఆ సంగతి పైన ముద్రించాలని మన దేశంలో 2020 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఇంట్లో చేసిన పిండివంటల డబ్బాకు అటువంటి చీటీ ఉండదు. వండినవారి నోరే ఆ చీటీ. ఇక శాకాహారుల ఇంటి బిడ్డకు కేకులో గుడ్డు ఉందని తెలియకుండా పెట్టడం ప్రాణానికి ప్రమాదం కాకపోయినా, ఆ ఇంటివారి నమ్మకాన్ని గాయపరచడమే.

కూతురి కాన్పుకని అమెరికా వెళ్ళిన తెలుగు అమ్మమ్మలు మొదట ఆశ్చర్యపోయే విషయాలలో ఇదొకటి. మనవరాలిని ఆటకు పిలిచిన ఇంటివారు ముందురోజే కబురు పంపుతారు. ఎన్నింటికి రావాలి, ఎన్నింటికి తీసుకుపోవాలి, పాపకు పడని ఆహారాలేమిటి, టీవీ చూడనివ్వవచ్చునా అన్నవి ఆ కబురులోని ప్రశ్నలు. "పసిపిల్లకు ఇంత తిండి పెట్టడానికి కూడా అడగాలా?" అని అమ్మమ్మ విస్తుపోతుంది. పెట్టడం ఇష్టం లేకనే అడుగుతున్నారన్నది ఆమె తొలి అనుమానం. అది ఆమె తప్పు కాదు, ఆమె నేర్చుకున్న మర్యాద ఆమెచేత అలా అనిపిస్తుంది. అయితే ఆ ప్రశ్న పాపను అడిగినది కాదు, పాప తల్లిని అడిగినది. పిల్లను "తింటావా?" అని అడిగితే ఆ మొహమాటపు లెక్కలోకి ఆమెను లాగినట్టే. తల్లిని అడిగితే, పక్కన లేని ఆ కళ్ళను తెచ్చి పిల్ల పక్కన నిలిపినట్టు. గడియారం చూసి ఆటలాడించడం మన ఇళ్ళకు నప్పదు, దాన్ని తెచ్చుకోనవసరం లేదు. ఈ ఒక్క ప్రశ్నను తెచ్చుకుంటే విష్ణుచిత్తుడి ఆతిథ్యానికి వచ్చే లోటేమీ లేదు.

అడగడంలోనూ తరతమ భేదాలు పొడచూపుతాయి. గుంటూరులో ఒక అపార్ట్‌మెంటు మూడవ అంతస్తులోని ఇల్లాలు ఈ విషయంలో మెలకువ గలది. తన కూతురితో ఆడుకోవడానికి వచ్చే ముగ్గురు పిల్లల తల్లులకూ ఆమె ఫోను చేసి అడుగుతుంది. ఒకరికి పాలు పడవని, మరొకరు మాంసాహారం ముట్టరని ఆమెకు కంఠస్థం. ఆ పిల్లలతో కలిసి సెల్లారులో ఉండే వాచ్‌మన్ కూతురు కూడా పైకి వచ్చేది. మిగిలినవారు సోఫాలో కూర్చుంటే ఆ పిల్ల తలుపు పక్కన నేలమీద కూర్చొని టీవీ చూసేది. అక్కడ కూర్చోమని ఎవరూ చెప్పలేదు. నలుగురికీ స్టీలు పళ్ళాలలో చిరుతిండి వచ్చేది. ఆ పిల్లకు మాత్రం రెండు చిక్కీ ముక్కలు కాగితంలో చుట్టి, "ఇంటికి తీసుకెళ్ళి తినమ్మా" అని ఇచ్చేది ఆ ఇల్లాలు. ఇవ్వడంలో ఆమె చేయి వెనుకాడలేదు. ఆ పిల్ల తల్లిని అడగాలన్న ఆలోచన మాత్రం ఆమెకు రాలేదు. ఏది పెట్టినా వారికి సంతోషమేనని అనుకోవడం అలవాటైపోయింది.

ఒక సాయంత్రం ఆమె పళ్ళాలు సర్దుతూ ఉండగా కూతురు వంటింట్లోకి వచ్చింది. "అమ్మా, అందరి అమ్మలకూ ఫోను చేశావు కదా, కింది ఆంటీకి చేశావా?" అని అడిగింది. నంబరు ఆమె దగ్గర ఉన్నదే. నీళ్ళ మోటారు వేయమని చెప్పడానికి తప్ప ఆమె దాన్ని ఎన్నడూ వాడి ఉండదు. ఫోను తీసి, "ఏమ్మా, మీ పాప మా ఇంట్లో ఉంది. జంతికలూ పల్లీ చిక్కీ పెట్టవచ్చునా? కాసేపు టీవీ చూడనిమ్మంటావా?" అని అడిగింది. అవతలినుంచి కొంతసేపు మాట లేదు. ఇది మోటారు సంగతి కాదని తెలియడానికి వాచ్‌మన్ భార్యకు ఆ మాత్రం వ్యవధి పట్టింది.

"జంతికలు పెట్టండమ్మా. పల్లీలు మాత్రం వద్దు, దానికి పడవు, పెదాలు వాచిపోతాయి. టీవీ ఎక్కువసేపు చూడనివ్వకండి. చీకటి పడకముందే పంపేయండి, రాసుకోవలసింది ఉంది."

ఇంతకుముందు కాగితంలో చుట్టి ఇచ్చిన చిక్కీలన్నీ ఏమయ్యాయని ఆ ఇల్లాలు అడగలేదు. పల్లీల డబ్బాకు మూత బిగించి, అలమరలోనుంచి అయిదవ పళ్ళెం తీసింది.